మోక్ ఎటు చూశాడు

నఖోన్ సవన్,
బుద్ధ శకం 2512, జూన్

అక్క ఖమ్‌పాన్‌కు,

నేను కులాసాగా ఉన్నాను. బొమ్మలు వేసి మందులమ్మే మా వ్యాను ఈ వారమంతా ఇక్కడే. వానకు తెర తడిసింది, ఆరబెట్టాం. దగ్గుమందు బాగా పోతోంది, నులిపురుగుల బిళ్లలు అంతగా లేవు.

నువ్వు అడిగినట్టే కొత్త బొమ్మల సంగతి రాస్తున్నాను. ఈసారి వచ్చింది ‘పాలరాతి మెట్లు’. బ్యాంకాక్‌లో ఒక పెద్దింటి కథ. ఎప్పటిలాగే మాటల్లేని రీళ్లు. హీరోకి, వాడి తల్లికి, మేనత్తకి, అందరికీ నేనే మైకు దగ్గర కూర్చుని గొంతు మార్చి మాట్లాడాలి. మేనత్త ఎక్కువ తిడుతుంది, నా గొంతు బొంగురుపోయింది. కథ బాగాలేదు. ఎవరు ఎవరి కొడుకో చివరిదాకా చెప్పరు. చెప్పాక ఎవరికీ పట్టదు.

ఇక కుక్క సంగతి. ఒక్కటే ఉంది. తెల్లబొచ్చు పరదేశపు కుక్క. దిండు మీద కూర్చోబెట్టారు. ఇంటావిడ ఏడ్చినప్పుడల్లా దాన్ని ఒళ్లోకి తీసుకుంటుంది. అది ఆవిడ ముఖం చూడదు. ఎడమపక్కన తెర అంచు అవతలికి చూస్తూ మూతి నాక్కుంటుంది. అక్కడెవరో మాంసం ముక్క పట్టుకుని నిలబడి ఉండాలి. కుక్కలకు నటన రాదు. కథలో ఎవరు ఏడుస్తున్నా, తమకు కావలసిన మనిషి ఎటు ఉంటే అటే చూస్తాయి. అందుకే నేను ముందు కుక్క ఎటు చూస్తోందో చూస్తాను. తెరమీద లేని ఆ మనిషి ఎలాంటివాడో దానివల్ల కొంత తెలుస్తుంది. ఈ కుక్కకు బాగానే పెడుతున్నారు.

మన మోక్ ఇందులో లేడు.

బ్యాంకాక్ నుంచి రీళ్లు తెచ్చే ఆయన్ని ఆ సినిమా కంపెనీ ఆఫీసుకు వెళ్లి చూడమన్నాను. అక్కడిప్పుడు కుట్టుమిషన్ల కొట్టు ఉందట. మన టేకు అడవిలో బొమ్మ తీసినవాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. మీ కుక్క మోక్‌తో ఇంకా కొన్ని సీన్లు ఉన్నాయి, వానలు వెనకబట్టగానే తెచ్చి అప్పగిస్తాం అని తీసుకెళ్లారు. ఆ వానలు పోయాయి, మళ్లీ వానలు వచ్చాయి. ఇక వాణ్ని వెతకడానికి తెర తప్ప చోటు లేదు. వచ్చిన ప్రతి బొమ్మా చూస్తున్నాను.

నాన్నను అడిగానని చెప్పు.

తమ్ముడు
ఇన్‌సోన్


లోంగ్,
జూలై

ఒరేయ్ ఇన్‌సోన్,

నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. “మైకు ముందు మేనత్త గొంతుతో అంత వాగుతాడు, ఇంటికి మాత్రం కరణం లెక్క రాసినట్టు రాస్తాడేంటి?” అన్నాడు. దిండు మీది కుక్క సంగతి మాత్రం మళ్లీ చదివించుకున్నాడు. “దిండు మీద కూర్చునేది కుక్కా, కొత్త కోడలా?” అని నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు.

నువ్వు చూసి వెళ్లినప్పటికంటే నాన్నకు చూపు ఇంకా తగ్గింది. వెలుగూ చీకటీ తెలుస్తాయంతే. మోక్ ఉన్నప్పుడు వాడి తోక మోకాలికి తగులుతూ ఉంటే చాలు, యోమ్ ఏటి దాకా వెళ్లి, ఏనుగుల రేవులో కూర్చుని, తనతో దుంగలు లాగిన ఏనుగుల పేర్లన్నీ తలుచుకుని వచ్చేవాడు. ఇప్పుడు ఇంటి నిచ్చెన దిగడు. నేను చెయ్యి పట్టుకుంటానంటే, “నువ్వు లాగుతావు. వాడు ఆగుతాడు” అంటాడు.

మొన్న పక్కింటి తిప్ అత్త ఒక కుక్కపిల్లను తెచ్చింది. “పెంచుకో అన్నా, పెద్దదైతే ఇదే దారి చూపిస్తుంది” అంది. నాన్న దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు, చెవులు తడిమాడు, బంక అన్నం ముద్ద తినిపించాడు, తిరిగి ఇచ్చేశాడు. “వాడొచ్చి చూస్తే ఏమనుకుంటాడు?” అన్నాడు. అత్తకు కోపం వచ్చింది. “సినిమాల్లోకి పోయిన కుక్కకు నీ గుడిసె గుర్తుంటుందా? ఈపాటికి నల్లకళ్లద్దాలు పెట్టుకుని తిరుగుతుంటుంది” అని, పిల్లను చంకనేసుకుని పోయింది.

ఏ బొమ్మ వచ్చినా చూడు. మూలన నిలబడిన కుక్కనైనా వదలకు. పొద్దున లేవగానే నాన్న అడిగేది నీ ఉత్తరం సంగతే. వాడు రాకపోతే ఈయన ఇక ఆ చాప మీంచి లేవడని నాకు భయంగా ఉంది.

అక్క


లోప్‌బురి,
ఆగస్టు

అక్కకు,

మోక్ కనిపించాడు.

బొమ్మ పేరు ‘గాజుల దయ్యం’. బావిలోంచి దయ్యం లేస్తుంది, గాజులు గలగలలాడిస్తుంది, నవ్వుతుంది. దయ్యానికి పెట్టిన జుట్టు ఒకచోట గాలికి ఊడబోతే ఆవిడే పట్టుకుంది, అదీ తీసేయలేదు. దయ్యం వస్తే కుక్కలు మోరెత్తి ఏడవాలి కాబట్టి శ్మశానం గోడ దగ్గర కొన్ని కుక్కల్ని నిలబెట్టారు. చివరన ఉన్నది మోక్. అదే పొగమంచు రంగు ఒళ్లు, అడవిపంది చీల్చిన ఎడమ చెవి, మేజోడు తొడిగినట్టు తెల్లటి ముంగాలు. మెడలో నాన్న పేనిన నారతాడే ఉంది. ముడి కూడా నాన్న ఏనుగులకు వేసే ముడే.

నేను అప్పుడు దయ్యం నవ్వు నవ్వుతున్నాను. ఆగిపోయాను. నవ్వు ఆపిన దయ్యాన్ని చూసి జనం ఇంకా భయపడ్డారు. తర్వాత యజమాని హెంగ్ వచ్చి, “బాగుంది, రోజూ అక్కడ అలాగే ఆగు” అన్నాడు.

మిగతా కుక్కలు మోరెత్తాయి. మోక్ ఎత్తలేదు. దయ్యాన్ని చూడనే లేదు. కొంచెం నడిచి, ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. రేవుకు పోయేటప్పుడు నాన్న వెంట వస్తున్నాడా లేదా అని ఆగి చూసేవాడు కదా, అచ్చం అలాగే. ఆ వెనక ఎవరూ లేరు. అంతలో సీను మారింది.

ఒళ్లు చిక్కలేదు. ఇది నాన్నకు తప్పక చెప్పు.

ఇన్‌సోన్


లోంగ్,
సెప్టెంబర్

తమ్ముడూ,

నువ్వు రాసిన దయ్యం బొమ్మ మన గుడి మైదానానికే వచ్చింది. వేరే మందుల కంపెనీ వాళ్లు తెచ్చారు. నాన్నను నేనూ తిప్ అత్తా చెరో చెయ్యీ పట్టి తీసుకెళ్లాం. లౌడ్ స్పీకరు కింద కూర్చోబెట్టాం.

మోక్ తెరమీదికి రాగానే, “నాన్నా, వాడే, అదిగో” అన్నాను. నాన్న చెవి రిక్కించి విన్నాడు. “వీడు కాదు” అన్నాడు.

“చెవి చూశాను నాన్నా. తెల్లకాలు చూశాను. నీ తాడు చూశాను.”

“నాకు పోయింది కళ్లు. చెవులు కాదు. వీడెవడో జలుబు చేసిన పట్నం కుక్క.”

గట్టిగానే అన్నాడు. మైకు దగ్గర మొరిగినాయన విని ముఖం మాడ్చుకున్నాడు. తిప్ అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. బొమ్మకు గొంతు ఉండదని, తెర ఇవతల మనిషి మొరుగుతాడని దారి పొడుగునా చెప్పాను. నీ పని ఏమిటో ఇన్నేళ్లూ చెప్తూనే ఉన్నాం, మనుషులకే గొంతిస్తావని అనుకున్నాడట. ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నాడు. చివరికి, “అయితే మన ఇన్‌సోన్ మొరిగితే మోక్ లాగే మొరుగుతాడు. ఆ గొంతు వాడికి తెలుసు. బొమ్మను ఇక్కడికి తెమ్మని రాయి. అప్పుడు నమ్ముతాను” అన్నాడు.

మర్నాడు ఏమైందో తెలుసా? నేను నీళ్లు తెచ్చేసరికి నిచ్చెన దిగి కింద కూర్చుని ఉన్నాడు. ఎవరూ దింపలేదు. నార తెచ్చిపెట్టమన్నాడు. కొత్త తాడు పేనుతున్నాడు. “పట్నం తిండికి మెడ బలిసి ఉంటుంది, పాతది పట్టదు” అంటున్నాడు.

అక్క


కోరాట్,
అక్టోబర్

అక్కకు,

మన అడవిలో తీసిన బొమ్మ విడుదలయింది. పేరు ‘టేకు దుంగల మీద నెత్తురు’. మన కొండలు కనిపిస్తాయి. నాన్న పనిచేసిన ఏనుగుల పాక కనిపిస్తుంది. హీరో మంచివాడు, కలప దొంగలు చెడ్డవాళ్లు. ఫొటో బాగుంది. ఏనుగులు బాగున్నాయి.

మోక్ ఉన్నాడు. చాలాసేపు ఉన్నాడు. హీరో కుక్కగా వేశాడు. చివర నది దాటుతాడు. ఒడ్డున మొరుగుతాడు. జనం చప్పట్లు కొట్టారు. మొత్తంమీద బాగుంది.

ఇక్కడ చలి మొదలైంది.

ఇన్‌సోన్


లోంగ్,
నవంబర్

ఇన్‌సోన్,

ఉత్తరం నాన్నకు చదివాను. నది దాటాడు అన్నచోట నార పేనడం ఆపి, “ఏ ఏరు?” అన్నాడు. రాయలేదన్నాను. మళ్లీ పేనుకున్నాడు.

నాన్న ముందు నేనేమీ అనలేదు. ఇప్పుడు ఆయన నిద్రపోతున్నాడు, నిన్ను అడుగుతున్నాను. దిండు మీది పనికిమాలిన కుక్క ఎటు చూసిందో రాశావు. శ్మశానం గోడ దగ్గర మోక్ ఎటు చూశాడో రాశావు. ఏరు దాటేటప్పుడు ఎటు చూశాడో రాయలేదు. మెడలో తాడు ఉందో లేదో రాయలేదు. బొమ్మంతా బాగుంది బాగుంది అన్నావు. నీకు ఏ బొమ్మ అంత బాగుందిరా ఇన్నేళ్లలో? చిన్నప్పుడు జ్వరం దాచిపెట్టినప్పుడూ ఇలాగే అనేవాడివి.

ఇంకో మాట. మీ కంపెనీ మనిషి వచ్చి గుడి మైదానం కొలుచుకుని వెళ్లాడు. జనవరిలో మీ వ్యాను ఇక్కడికి వస్తుందట. మన అడవి బొమ్మే వేస్తారట. ఊరంతా అదే మాట. నాన్న తిప్ అత్తను పిలిచి, “ఈసారి మొరిగేది మా అబ్బాయి. మోక్ గొంతు వింటావు, రా” అని చెప్పాడు. కర్ర పుచ్చుకుని రేవు దారిలో చింతచెట్టు దాకా వెళ్లి వస్తున్నాడు, కాళ్లు అలవాటు చేసుకుంటున్నాడట.

నిజం రాయి.

అక్క


ఉబోన్,
డిసెంబర్

అక్కకు,

ఇది నాన్నకు చదవకు.

కోరాట్‌లో రీళ్లు ఆ సాయంత్రం రైలుకే వచ్చాయి. ముందుగా చూసుకునే వీలు లేకపోయింది. మాటల కాగితాలు మాత్రం ముందే వచ్చాయి. చివర ఒకచోట ‘కుక్క నీట మునుగును, హీరో దుఃఖించును’ అని ఉంది. సినిమా కదా, మునిగినట్టు తీసి ఉంటారనుకున్నాను.

కలప దొంగ ఒకడు దుంగల తెప్ప మీంచి మోక్‌ను ఏట్లోకి తోస్తాడు. ఏరు మనది కాదు, పెద్దది, వాననీటితో ఎర్రగా ఉంది. మెడలో నాన్న తాడు లేదు. లావుపాటి గొలుసు ఉంది. తెరమీద మెరవాలని వేసి ఉంటారు. వాడు బాగా ఈదాడు. దుంగ అడ్డం వచ్చినప్పుడల్లా ఏనుగుల దగ్గర నేర్చుకున్నట్టే పక్కకు తప్పుకున్నాడు. తర్వాత గొలుసు ఒక దుంగకున్న మేకుకు తగులుకుంది.

అప్పుడు ఈదడం ఆపి మనవైపు చూశాడు. మనవైపంటే కెమెరా ఉన్న ఒడ్డువైపు. అక్కడ మనుషులు ఉన్నారని వాడికి తెలుసు. మనుషులు ఉన్నచోట ఎవరో ఒకరు నీళ్లలోకి దిగుతారని వాడి నమ్మకం. నాన్న అలా పెంచాడు. చాలాసేపు చూశాడు. బొమ్మ అదరలేదు. ఎవరైనా గబుక్కున కదిలి ఉంటే బొమ్మ కొంచెమైనా అదిరేది. తర్వాత దుంగలు ఒకదానికొకటి ఆనుకున్నాయి. మధ్యలో నీళ్లు కనిపించలేదు.

హీరో ఏడవాలి. నాకు ఏడుపు రాలేదు. మైకులో మొరిగాను. ఎందుకు మొరిగానో తెలియదు. వాడు దిగువన ఎక్కడో ఒడ్డెక్కినట్టు, దూరంగా, మోక్ గొంతుతోనే మొరిగాను. తెరమీద కుక్క లేదు, దుంగలే ఉన్నాయి. అయినా జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక ముసలావిడ, “బతికాడు నా తండ్రి” అంది. హెంగ్ వచ్చి, “రోజూ అక్కడ మొరుగు. కుక్క చస్తే జనం లేచిపోతారు. బతికితే నిలబడి మందు కొంటారు” అన్నాడు. అప్పట్నుంచి ప్రతి ఊళ్లోనూ మొరుగుతున్నాను. ముందు వాడు మనవైపు చూస్తాడు. తర్వాత నేను మొరుగుతాను.

తాడు ఉన్న బొమ్మ ముందు తీసింది, గొలుసు ఉన్నది తర్వాతది. ఏదో రకంగా బయటపడి ఉంటాడని అనుకోవద్దు. నేను అనుకుని చూశాను.

వ్యానును ఆపడం నా చేతిలో లేదు. ఇంకొకరిని మైకు దగ్గర కూర్చోబెట్టమంటే హెంగ్ ఒప్పుకోడు. జనవరిలో ఏం చేయమంటావో రాయి. నువ్వెలా అంటే అలా.

ఇన్‌సోన్


లోంగ్,
డిసెంబర్

తమ్ముడూ,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను.

తాడు పూర్తయింది. నాన్న దాన్ని నూనెలో నానబెట్టి, ఆరబెట్టి, నిచ్చెన పక్కన మేకుకు తగిలించాడు. వస్తూ పోతూ చేత్తో తడుముతాడు. నిన్న ఒక్కడే రేవు దాకా వెళ్లి వచ్చాడు. మోకాలు కొట్టుకుపోయింది, అయినా సంతోషంగా ఉన్నాడు. వెదురు కొమ్ముల కూర రెండోసారి వడ్డించమన్నాడు.

రోజూ చెప్పాలనే నోరు తెరుస్తాను. తాడు కనిపిస్తుంది.

మొరుగు. ఒడ్డెక్కినట్టే మొరుగు. తర్వాత సంగతి తర్వాత.

అక్క


లోంగ్,
ఫిబ్రవరి

ఇన్‌సోన్,

మీ వ్యాను వెళ్లిపోయి చాలా రోజులైంది. ఇప్పటికి రాయగలుగుతున్నాను.

ఆ రోజు నువ్వు చూశావు కదా. నాన్న లౌడ్ స్పీకరు కింద తాడు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నువ్వు మొరిగినప్పుడు ఊరంతా చప్పట్లు కొట్టింది. తిప్ అత్త ఏడ్చేసి, “మోకే అన్నా, మోకే” అని నాన్న భుజం కుదిపింది. నాన్న తల ఊపాడు. బొమ్మ అయిపోయాక నీ తల నిమిరి, “గొంతు బాగా పట్టావురా” అన్నాడు. మనం గండం గడిచిందనుకున్నాం. తెల్లవారి నువ్వు వ్యాను ఎక్కినప్పుడు కూడా నిచ్చెన దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు.

ఆ రోజంతా చాప మీంచి లేవలేదు. మర్నాడూ లేవలేదు. మూడోనాడు నేను అన్నం పెడుతుంటే అడిగాడు.

“మొరిగినప్పుడు వాడు తెరమీద ఉన్నాడా?”

ఉన్నాడన్నాను.

“ఖమ్‌పాన్, మోక్ ఏట్లో ఎప్పుడూ మొరగలేదు. నోరు తెరిస్తే నీళ్లు మింగుతానని వాడికి తెలుసు. ఒడ్డెక్కినా మొరగడు. ముందు నా దగ్గరికొచ్చి ఒళ్లు దులిపి, నన్ను తడిపి, అప్పుడు తుమ్ముతాడు. ఇది ఇన్‌సోన్‌కు తెలియదా? రేవులో వాడితో కలిసి మునిగినవాడే కదా. తెలిసీ మొరిగాడంటే, అక్కడ కుక్క లేదు.”

నేను ముద్ద కలుపుతూనే ఉన్నాను. ఆయనకు అది చాలింది. కొంతసేపటికి, “ఎవరైనా దిగారా?” అన్నాడు. లేదన్నాను. “ఎటు చూశాడు?” అన్నాడు. నీ ఉత్తరాలు విని విని ఆ అడగడం అలవాటైంది. ఒడ్డువైపు చూశాడని చెప్పాను. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు.

తాడు తీసి నా చేతికిచ్చాడు. “బావి చేదకు కట్టు. మంచి నార, ఊరికే పాడైపోతుంది” అన్నాడు. కట్టాను. చేద దించుతుంటే అది నా చేతుల్లోంచి జారుతుంది, ప్రతిసారీ.

తిప్ అత్త పిల్లను మళ్లీ తెచ్చింది. ఇప్పుడు బాగా ఎదిగింది. నాన్న ఈసారి చెవులు తడమలేదు. అది కాసేపు చాప పక్కన కూర్చుని, లేచి వెళ్లిపోయింది. నిచ్చెన దిగమని నేనూ అనడం మానేశాను.

నీకు రాయమని ఒక్క మాట చెప్పాడు. కోపంగా చెప్పలేదు. “వాణ్ని తిట్టకు. కానీ ఆ చోట మొరగొద్దని రాయి. వాడు నోరు మూసుకుని పోయాడు. వాడు పోయినట్టే పోనివ్వమను.”

అక్క


నాన్,
మార్చి

అక్కకు,

ఉత్తరం వ్యాను వెంట ఊరూరా తిరిగి నిన్న మధ్యాహ్నం చేరింది. సాయంత్రం ఇక్కడి సంత మైదానంలో అదే బొమ్మ వేశాం.

ఆ చోటు వచ్చినప్పుడు మైకు కట్టేశాను. మోక్ మనవైపు చూశాడు. నేనూ వాడివైపే చూశాను. రీలు తిరిగే చప్పుడు, జనరేటరు చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతసేపు ఉందని ఇంతకుముందు నాకు తెలియలేదు, మొరగడానికి గొంతు సర్దుకోవడంలో ఉండేవాణ్ని. దుంగలు ఆనుకున్నాయి. హీరో ఏడుపు కూడా ఏడవలేదు. వాడు ఉత్తినే నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

జనం మైకు చెడిందనుకుని నావైపు తిరిగారు. పక్క ఊళ్లో ముందే చూసి వచ్చినాయన ఒకడు, “మొరగవయ్యా, కుక్క బతకాలి కదా” అని కేకేశాడు. ఇంకొందరు అందుకున్నారు. నేను మొరగలేదు. ఆడవాళ్లు పిల్లలను లేపుకుని వెళ్లిపోయారు. మందుల బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు.

హెంగ్ అరవలేదు. బల్ల మడుస్తూ, “ఇక మాటలున్న రీళ్లే వస్తాయి ఇన్‌సోన్. వాటికి నీ గొంతు అక్కర్లేదు. ఈలోగా నాలుగు రోజులు తింటావా, మానేస్తావా, నీ ఇష్టం” అన్నాడు. నేను తెర మడిచాను.

నాన్నకు చెప్పు, మొరగలేదని.

రేపు పువా సంతలో వేస్తాం. ఇదే బొమ్మ.

ఇన్‌సోన్